మీరంటే నాకు జాలి

మొన్న తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు ఎక్కబోతూ మెట్టు మీద కాలు తడబడి, చేతిలో సంచి ఒక పక్కకీ నేనొక పక్కకీ ఒరిగిపోతుంటే, వెనకాల నిలబడ్డ కాలేజీ అమ్మాయి ఒకతె చప్పున నా మోచెయ్యి పట్టుకుని ఆపి, "అయ్యో పాపం, మెల్లగా ఎక్కండి అమ్మమ్మా" అంది. ఆ పిల్ల పట్టుకోకపోతే నా తుంటి ఎముక సంగతి ఏమయ్యేదో. చల్లగా ఉండమని నాలుగు మంచి మాటలు చెప్పాల్సింది పోయి, "పాపం ఎవరికమ్మా, నాకా నీకా?" అని గయ్యిమన్నాను. పిల్ల బిత్తరపోయింది. కండక్టరు కూడా ఒకసారి తలెత్తి చూసి, ఈ ముసలావిడతో మనకెందుకులే అన్నట్టు మళ్ళీ టికెట్లలో పడ్డాడు. దారి పొడుగునా ఆ అమ్మాయి చెవులకి వైర్లు తగిలించుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, నేను సంచిలోంచి బత్తాయి తీసి ఇవ్వబోతే వద్దంది. ఆ పిల్లకేం తెలుసు, ఆ మాట వింటే నాకు ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టు ఉంటుందనీ, అది వయసుతో వచ్చిన చాదస్తం కాదనీ, ఇప్పుడు లేని మా అత్తయ్య వల్ల చిన్నప్పుడే పట్టుకున్న జబ్బనీ.

నా ఈడువాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు గానీ, మన భాషలో పాపం అనే మాటకి రెండర్థాలు. ఒకటి మనం చేసేది, దానికి నరకం ఉంది. రెండోది ఎదుటివాళ్ళని చూసి అనేది, దానికి శిక్షంటూ ఏమీ లేదు సరికదా, అన్నవాళ్ళకి మంచి మనసని పేరు కూడా వస్తుంది. ఈ రెంటికీ ఒకే మాట పెట్టినవాడెవడో ఊరికే పెట్టి ఉండడని నాకు ఎప్పట్నుంచో అనుమానం. మా నాయనమ్మ, అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందని మమ్మల్ని హెచ్చరిస్తూనే ఉండేది, ఆ నోటితోనే పొద్దున లేచింది మొదలు ఆ మాట అంటూనే ఉండేది. జాలి అనేది ఇంకో మాట. నేను ఉద్యోగం చేసిన బళ్ళో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు, పాత పద్యాల్లో జాలి అంటే మనిషి తనలో తాను పడే దుఃఖమేననీ, తర్వాత్తర్వాత అది ఎదుటివాళ్ళ మీదికి మళ్ళిందనీ చెప్పేవారు. దయ దేవుడిదీ, కరుణ పుస్తకాలదీ, జాలి మాత్రం ఇళ్ళల్లోదీ అనేవారు కూడా. ఆయన చెప్పినదాంట్లో నిజమెంతో నాకు తెలియదు గానీ, ఇళ్ళల్లో ఉండే ఆ మాట మా ఇంట్లో ఒక మనిషి బతుకుని ఎటు తిప్పిందో మాత్రం నాకు బాగా తెలుసు.

మా అత్తయ్య మా నాన్నకి ఒక్కతే చెల్లెలు. ఊహ తెలియని వయసులో పెద్ద జ్వరం వచ్చిందట, ఆ జ్వరం పోతూ పోతూ కుడికాల్లో సత్తువంతా పట్టుకుపోయింది. ఆ కాలు సన్నబడి, నడిచినప్పుడల్లా ఒక పక్కకి వంగి లేచేది. కాలు తప్ప మిగతావన్నీ దేవుడు ఆవిడకి రెండు పాళ్ళు ఎక్కువే పెట్టాడు, ఒత్తైన జడ, గలగలమనే గొంతు, ఎదుటివాడు నోరు తెరవకముందే సమాధానం తయారుగా ఉండే నాలుక. మేనకోడల్ని కాబట్టి నన్ను పేరు పెట్టి పిలవకుండా "కోడలా" అని పిలిచేది. నేను ఆవిడ పక్కనే పడుకునేదాన్ని, ఆవిడ చేత్తోనే తలంటు పోయించుకునేదాన్ని, ఆవిడ చెప్పిన కథలే బళ్ళో నా సొంతవని చెప్పుకునేదాన్ని.

నేను ఒకటో తరగతో రెండో తరగతో చదివేటప్పుడు మా పంతులుగారు ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత వస్తుంది అని పాఠం చెప్పారు. ఆ తర్వాత ఏదో పెళ్ళిలో చుట్టాలావిడ ఒకామె నన్ను ఆటపట్టిస్తూ, మీ నాన్న ఇంటిపేరేంటి, మీ అమ్మమ్మగారి ఇంటిపేరేంటి అని వరసగా అడిగి, మీ అత్తయ్య ఇంటిపేరేంటో చెప్పు చూద్దాం అంది. నేను తడుముకోకుండా "పాపం" అన్నాను. మరి మా ఇంట్లో గానీ, వీధిలో గానీ, పెనుగొలనులో ఉన్న చుట్టాల ఇళ్ళల్లో గానీ, ఆ మాట ముందు పెట్టకుండా ఆవిడ పేరు పలికినవాళ్ళు లేరు. పందిట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అత్తయ్యే. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఇంటిపేరే అయితే పెళ్ళయ్యాక మారుతుందిలేవే కోడలా" అంది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

జాలిపడడం వల్ల మనిషికి నష్టమేంటి అని ఎవరైనా అడగొచ్చు, అడిగారు కూడా. నష్టం ఏంటంటే, మా అత్తయ్య చదువులో చురుకు, హైస్కూలు ఊరికి ఆ చివర ఉందని, పాపం అంత దూరం ఆ కాలితో ఏం నడుస్తుందని మా తాతయ్య మాన్పించేశాడు. ఆవిడ నడుస్తానంది, ఎవరూ వినలేదు. బిందె ఎత్తనిచ్చేవాళ్ళు కాదు, పేరంటానికి వెళితే ముందు వరసలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు, పాపం లేవడం కష్టమని గోడ పక్కన పీట వేసేవాళ్ళు. వీటన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి, అది నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. ఆవిడతో ఎవరూ పోట్లాడేవాళ్ళు కాదు. మా అమ్మ తోడికోడళ్ళతో, పాలేరు పెళ్ళాంతో, ఆఖరికి గోడ అవతలి కోడిపుంజుతో కూడా తగువు పెట్టుకునే మనిషి, ఆడపడుచు ఎన్ని మాటలన్నా తిరిగి పల్లెత్తు మాట అనేది కాదు. ఒకరోజు అత్తయ్య కావాలని పులుసులో దోసెడు ఉప్పు పోసింది. ఇంటిల్లిపాదీ కిక్కురుమనకుండా తిని చెయ్యి కడుక్కున్నారు. వంటింట్లో ఒక్కతే కూర్చుని ఆ పులుసు గిన్నె వంక చూస్తూ ఉండిపోయిన ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

అలాంటి మనిషితో మొట్టమొదటిసారి పోట్లాడినవాడు విస్సన్నపేట ఆయన.

పెనుగొలను పోయే దారిలో మాకు మామిడితోట ఉండేది. ఆ ఏడు కాపు ఆయన కొనుక్కున్నాడు. తండ్రి లేడు, తల్లి పెంచింది, తోటలు కొని కాయ ఎగుమతి చేసేవాడు, మనిషి చామనచాయ, పొడగరి, మాట తక్కువ. ఇంటికి ఊరగాయ కాయలు ఏరుకురావడానికి అత్తయ్య ఎడ్లబండి మీద తోటకి వెళ్ళింది, నేనూ తోకలాగా వెళ్ళాను. ఆయన కూలీలు చిక్కం కట్టిన గెడలతో నెమ్మదిగా దించాల్సిన కాయని కర్రలతో కొట్టి రాలుస్తున్నారు. అత్తయ్య బండి దిగి, ఎదురుగా ఉన్నది కాపు కొన్న ఆసామి అని తెలియక, మేస్త్రీ అనుకుని చెడామడా తిట్టింది, చెట్టంటే మీ అమ్మలాంటిది కాదూ, మీ అమ్మని ఇట్లాగే కొడతారా అని. ఆయన ఊరుకోలేదు. గాలివాన వచ్చేట్టుంది, మబ్బు చూడకుండా మాట్లాడటానికి మీకేం అని ఎదురు తిరిగాడు. ఆవిడ ఒకటంటే ఆయన ఒకటన్నాడు. కూలీలు పని ఆపి చూస్తున్నారు. చివరికి ఆయన నవ్వేసి చిక్కాలు తెప్పించాడు. తిరుగు ప్రయాణంలో అత్తయ్య బండిలో కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఎంత పొగరో చూశావా కోడలా ఆ మనిషికి" అని దారంతా తిడుతూనే ఉంది. అంత సంతోషంగా ఉన్న అత్తయ్యని అంతకుముందు నేను చూడలేదు.

ఆ కాపు దించడం అయ్యేలోపల వాళ్ళు ఇంకా ఎన్నోసార్లు పోట్లాడుకున్నారు. వర్షాలు పడగానే, మాకు దూరపు చుట్టం ఒకాయన్ని మధ్యవర్తిగా పెట్టి, మీ అమ్మాయిని ఇస్తే చేసుకుంటానని ఆయన కబురు పంపాడు.

మా ఇంట్లో ఆ కబురు ఎవరూ నమ్మలేదు. మనిషికేమైనా లోపం ఉందేమోనని రెండు మూడు చోట్ల వాకబు చేయించారు, ఏ లోపమూ బయటపడలేదు. లోపం లేనివాడు కాలు సరిగాలేని పిల్లని కోరి ఎందుకు చేసుకుంటాడన్న ప్రశ్నకి మా వాళ్ళకి దొరికిన జవాబు ఒక్కటే, జాలి. ఎంత జాలిగుండె అమ్మా ఆ బాబుది అని నాయనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇలాంటి మనుషులు ఉండబట్టే వానలు పడుతున్నాయని మా అమ్మ అంది. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ వచ్చి ఆయన్ని పొగిడి వెళ్ళారు. అత్తయ్య ఈ పొగడ్తలన్నీ వింటూ పప్పు రుబ్బుతూ ఉండేది. ఆవిడ నాకేమీ చెప్పలేదు గానీ, ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది, తనతో అన్నిసార్లు పోట్లాడిన మనిషికి తన మీద ఉన్నది జాలి కాదని ఆయన నోటితో ఒక్కసారి వినాలని ఆవిడకి ఉండి ఉంటుంది.

పెళ్ళిచూపులకి ఆయనా, వాళ్ళమ్మా, మధ్యవర్తీ వచ్చారు. ఫలహారాలు అయ్యాక అత్తయ్య, ఆయనతో ఒక్క మాట మాట్లాడాలంది. ఆ రోజుల్లో అదొక వింత. అయినా పాపం అడిగింది కదా అని ఒప్పుకున్నారు, నన్ను తోడిచ్చి వాళ్ళని పెరటి వసారాలోకి పంపారు. గది తలుపు వెనకాల ఇంటి ఆడవాళ్ళంతా చెవులు రిక్కించుకుని ఉన్నారని వాళ్ళిద్దరికీ తెలుసు. అత్తయ్య తిన్నగా ఆయన మొహంలోకి చూసి అడిగింది.

"మీరు నామీద జాలితో చేసుకుంటున్నారా?"

ఆయన తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నగా నవ్వి, "అవునండి. మీరంటే నాకు చాలా జాలి. జాలి లేకపోతే ఇంత దూరం ఎందుకొస్తానండి?" అన్నాడు.

అత్తయ్య లేచి నిలబడింది. "కాఫీ తాగి వెళ్ళండి" అని చెప్పి, ఒక పక్కకి వంగి లేస్తూ లోపలికి నడిచి వెళ్ళిపోయింది. ఆయనకి ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆ నవ్వు మొహం అలాగే ఉంది, నావైపు చూశాడు, నేను మూతి తిప్పుకున్నాను. సంబంధం ఇష్టం లేదని ఆ సాయంత్రమే మా నాన్న చేత చెప్పించింది. నాన్న బతిమాలాడు, నాయనమ్మ శోకాలు పెట్టింది, అత్తయ్య మెత్తబడలేదు. మా ఇంట్లో పిల్లలం ఆయనకి జాలాయన అని పేరు పెట్టుకున్నాం, ఎవరైనా మమ్మల్ని ముద్దు చేయబోతే, జాలాయన వచ్చాడే అని పారిపోయేవాళ్ళం. కుర్రతనం.

ఇక ఊరు మొదలుపెట్టింది. మన వైపు పలకరింపులంటే ఏంటో తెలుసు కదా, ఎవరైనా పోయిన ఇంటికి వచ్చి కూర్చుని, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి వెళ్ళడం. మంగళవారం రాకూడదు, శుక్రవారం రాకూడదు, వచ్చినవాళ్ళని రండి అనకూడదు, వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు, ఊరికే లేచి వెళ్ళిపోవాలి. మా అత్తయ్య సంబంధం తప్పిపోయాక మా వీధి ఆడవాళ్ళు సరిగ్గా అలాగే రావడం మొదలుపెట్టారు. ఒకళ్ళు వచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంటే, ఇంకొకళ్ళు మా అమ్మతో గుసగుసలు. పాపం, కాలెట్లాగూ లేదు, బుద్ధి కూడా లేకపోయింది. పాపం, దేవుడిచ్చిన వరాన్ని కాలదన్నుకుంది. పాపం, ఇంకెవడొస్తాడు. అత్తయ్యకి మంచినీళ్ళిచ్చే పని. ఆవిడ గ్లాసులు తెచ్చి ఇచ్చేది, తీసుకెళ్ళేది.

ఒకనాడు పక్క వీధి పెద్దావిడ ఒకామె, వరసకి మా నాయనమ్మకి అక్క, చాలాసేపు కూర్చుని, ముక్కు చీదుకుని, మాటా పలుకూ లేకుండా లేచి గడప దాటబోయింది. అత్తయ్య గబగబా వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడింది. "పెద్దమ్మా, మా ఇంట్లో ఎవరూ చచ్చిపోలా. వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళు" అంది. ఆ పెద్దావిడ అత్తయ్యని తేరిపార చూసి, గడ్డం పట్టుకుని, "పాపం, పిచ్చిపిల్ల" అంది. చెప్పకుండానే వెళ్ళిపోయింది. అత్తయ్య ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడిందో, మా అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేదాకా కదల్లేదు. ఆ తర్వాత ఆవిడ నోరు కూడా తగ్గిపోయింది. పులుసులో ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

ఏళ్ళు గడిచాయి. ఆవిడకి ఇంకో సంబంధం రాలేదు. నేను టీచరు ట్రైనింగు అయ్యి, మొదటి ఉద్యోగానికి విస్సన్నపేట వెళ్ళాను. మా నాన్న తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెంకుటింట్లో పక్క భాగం అద్దెకి చూసిపెట్టాడు. చేరిన వారానికి తెలిసింది, ఎదురిల్లు ఆ జాలాయనదేనని. అప్పటికి ఆయనకి పెళ్ళయ్యి ఒక కొడుకు. నన్ను గుర్తుపట్టలేదు, నేనూ చెప్పుకోలేదు, కసి మాత్రం లోపల అలాగే ఉంది. ఆయన తల్లి మాత్రం మంచి కలుపుగోలు మనిషి. సాయంత్రం నేను బడి నుంచి రాగానే మా అరుగు మీదికి వచ్చి చేరేది, మనవణ్ణి ఒళ్ళో వేసుకుని.

ఆ మనవడు నెయ్యీ వెన్నా తిని బూరెల్లాంటి బుగ్గలతో ఉండేవాడు. వాణ్ణి చూసి ఎవరైనా ముచ్చటపడతారు గానీ జాలిపడడానికి ఏముంది? ఆవిడ వాడి తల నిమురుతూ, "వీడంటే నాకు చెప్పలేనంత జాలమ్మా టీచరమ్మా, ఒక్క పూట కనపడకపోతే ముద్ద దిగదు" అనేది. మొదటిసారి విని నవ్వుకున్నాను. రెండోసారి పట్టించుకోలేదు. ఇంకోరోజు, మా కోడలికి నేనంటే ఎంత జాలో, వేడినీళ్ళు కాచి ఇవ్వందే ఊరుకోదు అంది. ఇంకోరోజు పోయిన మొగుణ్ణి తలుచుకుంది. సంత నుంచి వస్తూ ఎవరికీ కనపడకుండా కండువాలో మల్లెపూలు దాచి తెచ్చేవాడట. ఆ సంగతి చెప్తూ ఆ ముసలావిడ కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడ్డట్టు సిగ్గుపడి, "ఆయనకి నామీద అంత జాలి" అంది. నా చేతిలో దిద్దుతున్న పిల్లల నోటుపుస్తకం ఒకటి ఉంది. అది పక్కన పెట్టేశాను. పెరటి వసారాలో తల వంచుకున్న ఆ మనిషి, ఎర్రబడ్డ ఆ చెవులు, ఆ నవ్వు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

ఆలోచించి చూడండి, మన చిన్నతనంలో ఆ ఇంకో మాట ఏ ఇంట్లో విన్నాం? ప్రేమ అనే మాట సినిమాహాల్లో ఉండేది, లేకపోతే దేవుడి భజనల్లో ఉండేది. ఇంట్లో ఆ మాట పలికితే ఆడపిల్లయినా మగపిల్లాడైనా చెడిపోయినట్టే లెక్క. మొగుడు పెళ్ళాంతో అనేవాడు కాదు, తల్లి బిడ్డతో అనేది కాదు. మా ఇంట్లో ఆ చోట ఏ మాటా లేదు, ఖాళీగానే ఉండేది. వాళ్ళింట్లో ఆ చోట జాలిని పెట్టుకున్నారు. తలుపు వెనకాల ఇంతమంది ఆడవాళ్ళు వింటుండగా, పరాయి ఇంటి వసారాలో, ఒక ఆడపిల్ల ఎదుట, పాపం ఆయన మాత్రం ఇంకే మాట వాడగలడు? చూశారా, నేనూ అనేశాను.

ఆ శనివారం బస్సులో తిరువూరు వస్తూ దారంతా కొట్టుకులాడాను. చెప్తే ఆవిడ మిగతా బతుకంతా చేజారిన దాన్ని తలుచుకుని కుమిలిపోతుందేమో. చెప్పకపోతే ఆయన్ని తప్పుగా అనుకుంటూనే పోతుంది, తనని ఒక మనిషి కోరుకున్నాడని తెలియకుండానే పోతుంది. రెండూ అన్యాయమే. నేను ఇల్లు చేరేసరికి అత్తయ్య పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఆవకాయకి కాయలు కొడుతోంది. పక్కన కూర్చుని ముక్కలు తుడుస్తూ, ఆ ముసలావిడ మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పాను. మనవడి సంగతి, కోడలి సంగతి, మల్లెపూల సంగతి.

అత్తయ్య చెయ్యి ఆపలేదు. "నాకు తెలుసే" అంది.

పెళ్ళిచూపులైన నెల తిరక్కుండానే తెలుసట. ఆయన ఊరుకోలేదు, మా నాన్నకి కాకుండా నేరుగా ఆవిడకే చెప్పమని మధ్యవర్తి భార్య చేత కబురు పంపాడు. తప్పు మాట ఏమన్నా అన్నానేమో, మా ఇంట్లో అలాగే అంటాం, నా మనసులో ఉన్నది మీరనుకున్న జాలి కాదు, మళ్ళీ రమ్మంటే వస్తానని. బియ్యం మిల్లు దగ్గర ఆ మధ్యవర్తి భార్య ఈ మాట అత్తయ్య చెవిలో వేసిందట. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మరి ఎందుకు రమ్మనలేదని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినపడింది.

"అప్పటికి పలకరింపులు అయిపోయాయి కదే. ఊరంతా వచ్చి ఏడ్చి వెళ్ళింది. చచ్చినదాన్ని మళ్ళీ పెళ్ళికూతుర్ని చేస్తే ఏమంటారు? పాపం, గతిలేక ఒప్పుకుందంటారు. పాపం, కాళ్ళావేళ్ళా పడి ఉంటారంటారు. పీటల మీద కూర్చున్నా అదే, బిడ్డని ఎత్తుకున్నా అదే. ఆయన జాలికి భయపడలా నేను. మీ పాపానికి భయపడ్డాను కోడలా."

మీ అంది. మీ అంటే ఊరు అని సరిపెట్టుకోవచ్చు, కానీ ఆ మీలో నాయనమ్మ ఉంది, మా నాన్న ఉన్నాడు, మా అమ్మ ఉంది, నేనున్నాను. ఆవిడ కోసం ప్రాణం పెట్టినవాళ్ళమే అందరం. ఎవరం ఆవిడకి కీడు తలపెట్టలేదు, ఒక్క పరుషమైన మాట అనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏ దారీ కనపడదు. కీడు చేసినవాళ్ళయితే ఎదిరించొచ్చు, జాలిపడేవాళ్ళని ఎవరేం చేస్తారు?

ఇంకాసేపటికి ఆవిడే అడిగింది, ఆయన భార్యతో పోట్లాడతాడా అని. లేదు, చాలా నెమ్మది మనిషి, ఆ ఇంట్లోంచి గట్టిగా మాట వినపడదు అన్నాను. అత్తయ్య కత్తిపీట మీద నుంచి తలెత్తి నావంక చూసింది. ఆ మొహంలో కనపడింది సంతోషమో, గుండెకోతో, నాకు తేల్చుకోవడం చేతకాలేదు. మరో కాయ తీసుకుని రెండు చెక్కలు చేసింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసు మా మధ్య రాలేదు. కొన్నేళ్ళకి ఆయన పోయినప్పుడు కబురు నేనే చెప్పాను. ఆవిడ ఊఁ అని, దండెం మీద బట్టలు తీసుకురావడానికి పెరట్లోకి వెళ్ళింది.

మా నాన్న పోయాక అత్తయ్య నా దగ్గరే ఉంది. కిందటేడు వర్షాకాలంలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. గలగలమనే ఆ గొంతు పోయింది గానీ కళ్ళు మాత్రం చివరిదాకా ఆవిడవే. ఒళ్ళు తుడిచాను, జావ పట్టాను, ఆ సన్నటి కాలికి నూనె రాస్తూ కూర్చున్నాను. చివరి రోజు మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నా మొహంలోకే చూస్తోంది. ఆవిడ నోట మాట లేదు, ఇక చెప్పాల్సింది నేనే, ఆవిడ వినడానికి సిద్ధంగా ఉంది. ఏమని చెప్పను? పాపం అనకూడదు, ఆ మాటే ఆవిడ బతుకుని తినేసింది. జాలి అనలేను. ఆ ఇంకో మాట మా ఇంట్లో పుట్టలేదు, నా నోటికి అలవాటు లేదు, ఆ వయసులో పలకబోతే నాలుక మడత పడింది. ఇన్నేళ్ళు పిల్లలకి మాటలకి అర్థాలు రాయించినదాన్ని, అత్తయ్యా అని మాత్రం అనగలిగాను. ఆవిడ ఇంకాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

ఇప్పటి పిల్లలు ఫోను పెట్టేసే ముందు లవ్యూ అంటారు. తల్లితో అంటారు, స్నేహితులతో అంటారు, పెంపుడు కుక్కతో కూడా అంటారు. నేను ఒకప్పుడు దాన్ని వెక్కిరించేదాన్ని, మన కాలంలో ఇలా చెప్పుకున్నామా, చెప్పకుండానే తెలిసేది కాదా అని పదిమందిలో గొప్పగా మాట్లాడేదాన్ని. తెలిసేది కాదు. మనం ఒకళ్ళకొకళ్ళం అన్నం పెట్టుకున్నాం, రోగమొస్తే పక్కన కూర్చున్నాం, ఎవరికేం కష్టమొచ్చినా అయ్యో అనుకున్నాం, ఆ ఒక్క మాట మాత్రం నోటికి రానీయలేదు. వాళ్ళది అరువు తెచ్చుకున్న మాటే కావొచ్చు, చవకబారుదే కావొచ్చు, వాళ్ళకంటూ ఒకటుంది, విన్నవాళ్ళకి అర్థమవుతుంది. మా అత్తయ్య ఆ మాట బతుకు మొత్తానికి ఒక్కసారే విన్నది, విన్నప్పుడు అది ఆ మాటేనని ఆవిడకి తెలియలేదు.